బైపీసీ బుర్రతో ఎస్ఐఆర్ మోడల్: నా ప్రాజెక్టు అనుభవం

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నదే లెక్కల పీడ వదిలించుకుందామని. తర్వాత బీఎస్సీ నర్సింగ్, కొన్నాళ్లు వార్డు డ్యూటీలు, ఆపైన పబ్లిక్ హెల్త్‌లో పీజీ. అక్కడ ప్రాజెక్టులు పంచేటప్పుడు నా వంతుకి అంటువ్యాధుల గణిత నమూనాలు వచ్చాయి. మార్చమని అడగడానికి వెళ్తే మా గైడ్ మేడమ్ "కోవిడ్‌లో రోజూ సాయంత్రం బులెటిన్ చూసినదానివేగా అమ్మా, ఆ గీత ఎందుకు లేచిందో ఎందుకు పడిందో తెలుసుకోవాలని లేదా?" అన్నారు. ఉంది మరి. ఇంకేం మాట్లాడను, తలూపి వచ్చేశాను. ఇలాంటిదే నెత్తిన పడ్డ బైపీసీ బ్యాచ్ వాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

ముందు ఒక మంచి మాట. అంటువ్యాధి ఎలా పాకుతుందో లెక్కగట్టే నమూనాల్లో నాకు దొరికిన ఎస్ఐఆర్ మోడల్‌కి కాలిక్యులస్ పరీక్ష పాసయినంత లెక్కలు అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. ఊళ్లో జనాన్ని మూడు డబ్బాల్లో వేస్తాం: ఇంకా సోకని వాళ్లు (ససెప్టిబుల్, ఎస్), ఇప్పుడు రోగం ఉండి ఇతరులకి అంటిస్తున్న వాళ్లు (ఇన్ఫెక్టెడ్, ఐ), కోలుకునో చనిపోయో ఆట నుంచి బయటపడ్డ వాళ్లు (రిమూవ్డ్, ఆర్). ఒక రోగి, చుట్టూ ఉన్నవాళ్లెవరికీ ఇంకా సోకలేదనుకుంటే, రోజుకి ఎంతమందికి అంటిస్తాడో అది బీటా. రోగుల్లో రోజుకి ఎంత వంతు మంది మూడో డబ్బాలోకి వెళ్తారో అది గామా. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే కోవిడ్ రోజుల్లో టీవీ ప్యానెళ్ల వాళ్లు తెగ వాడేసిన ఆర్ నాట్, అంటే ఎవరికీ ఇంకా సోకని చోట ఒక రోగి మొత్తం మీద ఎంతమందికి అంటిస్తాడో ఆ అంకె. అసలు మెలిక అంతా ఒకే చోట ఉంది: సోకనివాళ్లు తగ్గేకొద్దీ రోగికి ఎదురయ్యేవాళ్లలో ఇదివరకే సోకినవాళ్లు ఎక్కువవుతారు కాబట్టి బీటా మారకపోయినా వేగం దానంతటదే తగ్గుతుంది.

డేటా కోసం ఇంగ్లండ్ దాకా వెళ్లాం. 1978లో అక్కడి ఒక మగపిల్లల బోర్డింగ్ స్కూల్లో ఫ్లూ వచ్చింది, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చిన్న నోట్‌గా వేశారు, ఈ సబ్జెక్టు పుస్తకాల్లో దాదాపు అన్నిట్లో అదే ఉదాహరణ. మొత్తం 763 మంది పిల్లలు, గేటు మూసేసినట్టే, కొత్తవాళ్లు రారు, ఉన్నవాళ్లు పోరు. మంచం పట్టినవాళ్ల లెక్క రోజువారీగా 3, 8, 26, 76, 225, 298, అక్కణ్నుంచి 258, 233, 189, 128, 68, 29, 14, 4. పద్నాలుగు అంకెలు, అంతే. మన ఊళ్లో ఏ కాలేజీ హాస్టల్‌లోనో జ్వరాలొస్తే ఇంత శుభ్రమైన లెక్క దొరుకుతుందా చెప్పండి, రెండో రోజుకే సగంమంది బస్సెక్కి ఇంటికి పోతారు.

ఎక్సెల్‌లో జాగ్రత్త పడాల్సింది వరుసల దగ్గర. రోజుకో వరుస పెట్టుకుని ఫార్ములా కిందికి లాగేస్తే బాగానే ఉన్నట్టుంటుంది గానీ, ఇంత వేగంగా పాకే రోగానికి అది చాలదు. బీటా 1.66, గామా 0.44 అనుకోండి, రోజుకో వరుసైతే మొదట్లో రోగులు రోజుకి 2.2 రెట్లు మాత్రమే పెరుగుతారు, ఎందుకంటే పొద్దున సోకినవాడు అదే రోజు సాయంత్రం ఇంకొకరికి అంటించే అవకాశాన్ని ఆ లెక్క వదిలేస్తుంది. రోజుని పది ముక్కలు చేసి పది వరుసలు పెడితే అదే బీటా, గామాలతో 3.16 రెట్లు వస్తుంది. ఇది మా తమ్ముడు (వాడు ఎంపీసీ) ఫోన్లో చెప్పాడు, చెప్పడానికి ముందు "అక్కా, చక్రవడ్డీ తెలుసు కదా నీకు?" అని ఒక వెటకారం కూడా వేశాడు.

డేటాకి బాగా సరిపోయే బీటా, గామాల్ని వెతికిపెట్టే ఎక్సెల్ సాల్వర్‌కి పని అప్పజెప్పాక వచ్చిన విలువలు పుస్తకాల్లో ఉన్న ఆ 1.66, 0.44 దగ్గరికే వచ్చాయి. ఆర్ నాట్ 3.78. గీత పీక్ దగ్గర 293 చూపిస్తోంది, అసలు లెక్క 298. చుక్కల మీదుగా గీత అలా పోతుంటే నేనే ఏదో కనిపెట్టినంత సంబరపడ్డాను, స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ కూడా పెట్టాను.

మేడమ్ చూసి బాగుంది అని, ఒక మెలిక పెట్టారు. "నువ్వు నాలుగో రోజు రాత్రి ఆ స్కూల్లో నర్సువి అనుకో. నీ దగ్గర 3, 8, 26, 76 మాత్రమే ఉన్నాయి. ఎన్ని మంచాలు వేయిస్తావో చెప్పు." నా దృష్టిలో ప్రాజెక్టు మొత్తంలో అసలైన ముక్క ఇదే. బీటా 2.2, గామా 1 పెట్టి చూస్తే ఆ నాలుగు రోజులూ చక్కగా సరిపోతాయి, పీక్ సుమారు 140. బీటా 1.4, గామా 0.25 పెట్టండి, అవే నాలుగు రోజులు అంతే చక్కగా సరిపోతాయి, ఈసారి పీక్ సుమారు 390. తొలి రోజుల్లో మనకి కనబడేది పెరుగుదల ఒక్కటే, అంటే బీటా లోంచి గామా తీసేయగా మిగిలేది. విడివిడిగా ఆ రెండూ ఎంతెంతో ఆ నాలుగు అంకెలు చెప్పలేవు. అదే స్కూల్లో ఇటు 140 మంచాలు, అటు 390! గామా ఎంతో వేరే చోట నుంచి, అంటే పిల్లలు ఎన్ని రోజులు అంటిస్తూ ఉంటారో చూసినవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకోవాల్సిందే. కోవిడ్ మొదట్లో ఒక్కో నిపుణుడు ఒక్కో పీక్ చెబుతుంటే ఇంట్లో వాళ్లందరం తిట్టుకున్నాం, ఆ తిట్లలో సగమైనా ఇప్పుడు వెనక్కి తీసుకుంటాను.

ఇంకా ఉంది. ఆ బ్రిటిష్ జర్నల్ నోట్‌లో మొత్తం 512 మంది పిల్లలు మంచం పట్టారని రాశారు. నా మోడల్‌ని అడిగితే చివరికి 744 మందికి సోకుతుంది అంటుంది. పిల్లలు మూడు నుంచి ఏడు రోజులు క్లాసుకి రాలేదని కూడా అందులోనే ఉంది, నా గామా ప్రకారమేమో ఒక్కొక్కరు సగటున రెండు రోజుల పైచిలుకు. గీత అంత అందంగా కూర్చున్నా లోపలి లెక్కలు ఎందుకు కలవలేదంటే, మంచం పట్టిన పిల్లాడిని విడిగా పడుకోబెట్టేశారు, వాడు ఇంక ఎవరికీ అంటించడు. అంటే మంచాల లెక్కా, అంటించేవాళ్ల లెక్కా ఒకటి కాదు. మోడల్ రెండోదాన్ని లెక్కపెడుతోంది, డేటా మొదటిది. వార్డులో పనిచేసిన దాన్ని కాబట్టి ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తట్టింది.

ఈ మోడల్ పుట్టుకలోనూ ఇదే కథ ఉండటం గమ్మత్తు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు రాసిన పేపర్ ఇది. మెకెండ్రిక్ మన దేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో, కసౌలీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డాక్టరు. సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్ ప్రభావం ఆయన మీద చాలా ఉంది. కెర్మాక్ రసాయన శాస్త్రవేత్త, 1924లో ల్యాబ్ ప్రమాదంలో కళ్లు పోయాయి, తర్వాతి పనంతా చూపు లేకుండానే చేశాడు. వాళ్లు తమ సూత్రాన్ని సరిచూసుకున్నది బొంబాయి ప్లేగు మీద, 1905 డిసెంబరు నుంచి 1906 జులై దాకా వారం వారం చనిపోయినవాళ్ల లెక్కతో. ఏప్రిల్ మధ్యలో వారానికి సుమారు 890 చావులతో పీక్ తాకే గీత, అదీ అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కానీ ఆ ప్లేగు మనిషి నుంచి మనిషికి పాకింది కాదు, ఎలుకల నుంచి, వాటి మీది పురుగుల ద్వారా వచ్చింది. మనుషుల్లో ప్లేగు ఎలుకల్లో ప్లేగుకి ప్రతిబింబం అనుకుంటున్నామని వాళ్లే నిజాయితీగా రాసుకున్నారు, అయినా ఆ గ్రాఫ్‌ని తమ పుస్తకాల్లోకి ఎక్కించినవాళ్లలో చాలామంది ఎలుకల సంగతి ఎత్తరు.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ సూటిగా అడిగారు: "రోగం ఎప్పుడు ఆగుతుంది? సోకాల్సిన వాళ్లంతా అయిపోయాకనా?" కాదు సార్, 763 మందిలో సోకనివాళ్లు 202కి దిగగానే గీత కిందికి తిరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఒక్కో రోగి సగటున ఒక్కరికే అంటించగలడు. పూర్తిగా ఆగేటప్పటికి మోడల్‌లో ఇంకా 19 మంది మిగిలే ఉంటారు, తరిగిపోయేది రోగులే. ఆయన అక్కడితో ఆగలేదు. 2020 సెప్టెంబరులో దేశంలో రోజుకి 97 వేల కేసులు దాటి తగ్గాయి కదా, 2021 మే మొదట్లో నాలుగు లక్షలు ఎలా దాటాయి, నీ మోడల్‌లో రెండో వేవ్ ఎక్కడుంది అన్నారు. లేదు అన్నాను. మూడో డబ్బాలోకి పోయినవాళ్లు తిరిగి రారు, బీటా మారదు అని రాసుకున్న లెక్కలో ఒక్క కొండే ఉంటుంది. వేరియంట్ మారినా, జనం మాస్కులు తీసేసి పెళ్లిళ్లకి బయల్దేరినా బీటా మారుతుంది, అది బయట నుంచి మనం వేసుకోవాల్సిన అంకె. ఆయన "ఊఁ" అని పేజీ తిప్పారు.

చివరికి ఒక్క సవరణ చెప్పారు: గ్రాఫ్‌లో, ఎక్సెల్ కాలమ్ పైనా "ఇన్ఫెక్టెడ్" తీసేసి "మంచం మీద ఉన్నవారు" అని మార్చి మళ్లీ బైండింగ్ చేయించి ఇవ్వమన్నారు.