పైపుతో ఇంటికొచ్చిన పిల్లవాడు

మా బాబుకు చేసింది హైపోస్పేడియాస్ ఆపరేషన్. ఉచ్చ వచ్చే రంధ్రం అంగం కొసన ఉండకుండా కొంచెం కిందికి ఉండడమే ఆ లోపం. సరిచేయడానికి అంగం ముందుభాగంలోని తోలు అవసరం పడుతుంది కాబట్టి ఇలాంటి పిల్లలకు ముందే సుంతీ చేయించకూడదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయ్యాక లోపల సన్నని పైపు ఉంచి నల్లగొండకు పంపించారు. ఆ పైపు మామూలుగా వారం అటూఇటూగా ఉంటుంది. అన్ని రోజులూ ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి ముఖ్యంగా రెండు: ఉచ్చ ఆగకుండా పోవాలి, దొడ్డికి గట్టిపడకూడదు. కుట్లను కెలకకుండా ఉంటే చాలు, అవే మానుతాయి.

డైపర్లు రెండు వేయాలి. లోపలిది పిల్లవాడి సైజు, బయటిది ఒక సైజు పెద్దది. లోపలి దాని ముందు భాగంలో రూపాయి బిళ్లంత రంధ్రం కత్తిరించి, అంచు చుట్టూ ప్లాస్టర్ అంటించాలి. లేకుంటే డైపర్‌లోని జెల్ ఊడి కుట్లకు అంటుకుంటుంది. పైపు కొసను ఆ రంధ్రంలోంచి బయటి డైపర్‌లోకి వదలాలి. దొడ్డికి లోపలి దాంట్లోనే ఉండిపోతుంది, ఉచ్చ బయటి దాంట్లోకి పోతుంది. మార్చేటప్పుడు ముందు పైపును రంధ్రంలోంచి తప్పించి, తర్వాతే డైపర్ లాగాలి. పైపును కొసన ఒక కుట్టుతో బిగిస్తారు, గుంజితే ఆ కుట్టు తెగుతుంది.

రెండు గంటలకోసారి బయటి డైపర్ తడి చూడాలి. మూడు నాలుగు గంటలు పొడిగా ఉందంటే పైపు ఎక్కడో మడత పడి ఉంటుంది. బత్తాయి తోటలో డ్రిప్పు పైపు మెలిపడ్డట్టే. మడత తీసి, నీళ్లు తాగించి, అయినా చుక్క రాకపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో సిరంజితో నీళ్లు కొట్టే ప్రయత్నం వద్దు.

పిల్లవాడు ఉన్నట్టుండి కాళ్లు ముడుచుకుని కెవ్వుమని, నిమిషంలో మామూలైతే అది మూత్రసంచి పట్టేయడం. అప్పుడు పైపు పక్క నుంచి కాస్త ఉచ్చ వచ్చినా భయం లేదు. దీనికి ఆక్సీబ్యుటినిన్ సిరప్ రాస్తారు. దాంతో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, చెమట తగ్గుతుంది. మన వైపు ఎండల్లో, అందులోనూ రేకుల ఇంట్లో, ఈ చివరిది చిన్న విషయం కాదు. చెమట పట్టకపోతే ఒళ్లు కాలిపోతుంది. మధ్యాహ్నం చల్లని గదిలో ఉంచాలి. ముఖం ఎర్రబడి ఒళ్లు వేడెక్కితే తర్వాతి డోసు ఇచ్చే ముందు డాక్టరును అడగాలి.

నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల పిల్లవాడికి 150 మిల్లీగ్రాములు. 5 ఎంఎల్‌లో 125 ఉన్న సీసా అయితే 6 ఎంఎల్, 250 ఉన్నదైతే 3 ఎంఎల్. చుక్కల మందు ఇంకా చిక్కన: 1 ఎంఎల్‌లోనే 100 ఉంటుంది. సీసా మార్చిన ప్రతిసారీ లేబుల్ చదవాల్సిందే.

ఇక పత్తెం గోల. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు ఎక్కువైతే కుట్లు నానుతాయని పెద్దవాళ్లు అంటారు. రెండూ నిజం కావు. నీళ్లు, పప్పు, అరటిపండు, పెరుగన్నం అన్నీ పెట్టాలి. దొడ్డికి ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడి రక్తం కారుతుంది. రెండో రోజు కూడా దొడ్డికి కాకపోతే డాక్టరును అడిగి దొడ్డికి మెత్తబరిచే లాక్టులోజ్ మందు మొదలుపెట్టాలి. పసుపు, కొబ్బరినూనె మాత్రం పుండు దగ్గరికి రానివ్వొద్దు.

సంకన ఎత్తుకోవడం మానాలి. కాళ్లు చెరో పక్కకు పడి నేరుగా కుట్ల మీదే బరువు పడుతుంది. రెండు చేతుల మీద అడ్డంగా ఎత్తుకోవాలి. వాకర్, మూడు చక్రాల సైకిల్ కూడా వద్దు. స్నానం బదులు తడిగుడ్డతో తుడవాలి.

వాపు, నీలి రంగు, కొసన పలచని పసుపు పొర మామూలే, ఆ పొర చీము కాదు, గీకొద్దు. డైపర్ మీద చిన్న రక్తపు మరకలూ అంతే. రక్తం ఆగకుండా కారుతుంటే శుభ్రమైన గాజుగుడ్డతో ఐదు నిమిషాలు మెల్లగా అదిమి పట్టి బయలుదేరాలి. 101 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసనతో చీము, పైపు ఊడిపోవడం కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు.

పైపు తీశాక మొదటి ఒకటి రెండు రోజులు మంటకు ఏడుస్తాడు, ధార చిందరవందరగా పోతుంది. గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెడితే సులువుగా పోస్తాడు. తర్వాతి వారాల్లో ధార దారంలా సన్నబడి ముక్కుతున్నా, కింద ఇంకోచోట నుంచి చుక్కలు వస్తున్నా ఫోనులో వీడియో తీసి పెట్టుకోవాలి. డాక్టరు ముందు పిల్లలు అడిగినప్పుడు పోయరు.