కబడ్డీ కోర్టు నుంచి కయాక్‌లోకి

ఏళ్ల తరబడి కబడ్డీ ఆడినవాళ్లకు భుజబలానికి కొదువుండదు. కయాక్‌లో, అంటే లోపల కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, చిక్కంతా దానితోనే. బోల్తా పడగానే, లోపల కూర్చునే పడవను తిరిగి లేపాలని తెడ్డును బలంగా నొక్కి ముందు తల పైకెత్తుతారు, పడవ మళ్లీ తిరగబడుతుంది. నడుము విసురుతోనే పడవ లేవాలి, తల అన్నిటికన్నా చివర రావాలి. మోచేతులు భుజాలకన్నా పైకి పోతే భుజం జారుతుంది.

అంతకన్నా ముందు బోల్తాపడ్డ పడవలోంచి బయటపడటం నేర్వాలి. ముందుకు వంగి, స్ప్రే స్కర్ట్ (నీళ్లు లోపలికి రాకుండా నడుముకు తొడుక్కుని పడవ నోటికి బిగించే గుడ్డ) ముందున్న పట్టీని ముందుకు లాగి పైకెత్తాలి. తర్వాత రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని తుంటిని బయటికి తోసుకోవాలి. పట్టీ లోపలికి మడిచిపోతే దొరకదు, బయల్దేరే ముందే చూసుకోండి. సాధన ఈతకొలనులో, పక్కన మనిషిని పెట్టుకుని. వరంగల్ దగ్గరి పాకాల చెరువులో వద్దు, మొసళ్లున్నాయి.

చెరువు మత్తడి దుంకుతుంటే అటు పోవద్దు. కింద నీళ్లు వెనక్కి తిరుగుతూ మనిషిని లోపలికే లాక్కుంటాయి, ఎంత ఈతగాడైనా అంతే. ఉరకలెత్తే నీళ్లు కావాలంటే రిషికేశ్ గంగ లాంటి చోటికి పోవాలి.