క్యోటోలో క్యోసెరా ఇంటికి వెళ్లొచ్చాను

మా నాన్నకి తెనాలిలో జిరాక్స్ షాపు. నేను పదో తరగతిలో ఉండగా ఆయన ఒక సెకండ్ హ్యాండ్ క్యోసెరా మెషీన్ కొన్నారు. పరీక్షల సీజన్‌లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నోట్సులు, సర్టిఫికెట్లు తీసినా అది అలిసేది కాదు. "దీని డ్రమ్ము గట్టిదిరా" అనేవారు. డ్రమ్ము అంటే మెషీన్ లోపల తిరుగుతూ కాగితం మీదికి అచ్చు దించే రోలరు. ఎందుకు గట్టిదో అప్పుడు నేను అడగలేదు. అందుకే మొన్న ఒసాకాలో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, క్యోటో చూడ్డానికి ఒక రోజు దొరికితే, ముందు క్యోసెరా హెడ్డాఫీసుకి వెళ్దామన్నాను.

"అందరూ ఫుషిమి ఇనారి గుడికెళ్లి ఎర్ర తోరణాల కింద ఫొటోలు దిగుతారు. నువ్వు కంపెనీ చూస్తానంటావేంట్రా?" అన్నాడు బావ.

"గుడికి సాయంత్రం వెళ్దాం బావా, కంపెనీ కూడా ఫుషిమిలోనేగా" అన్నాను.

క్యోటో స్టేషన్ నుంచి సబ్‌వేలో నాలుగో స్టేషన్ తకెదా. దిగి కాసేపు నడిస్తే 20 అంతస్తుల భవనం కనిపించింది. దక్షిణం వైపు గోడకి సోలార్ పలకలు పరిచారు. 1998లో కట్టిన భవనం ఇది. రెండో అంతస్తులో ఫైన్ సెరామిక్ మ్యూజియం ఉంది. ఫైన్ సెరామిక్ అంటే శుద్ధి చేసిన పొడుల్ని అచ్చు పోసి కాల్చి చేసే గట్టి పింగాణీ లాంటిది. టికెట్ లేదు.

నేను చూడాలనుకున్నది ఒక చిన్న తెల్లటి ముక్క. ఇంగ్లిష్ యు ఆకారంలో ఉంటుంది, వేలి కొన మీద నిలబెట్టొచ్చు. పాత టీవీ పిక్చర్ ట్యూబులో కరెంటు పక్క భాగాలకి పాకకుండా ఆపే ఇన్సులేటర్ అది. పేరు యు కెల్సిమా. ఈ కంపెనీ మొదటి సరుకు అదే. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాను.

దాని కథ ఈ కంపెనీ పెట్టిన కజువో ఇనమోరి కథ. 1932లో కగోషిమాలో పుట్టాడు. చదువు అయ్యాక 1955లో క్యోటోలోని షోఫూ కంపెనీలో చేరాడు. మన కరెంటు స్తంభాల మీద కనిపించే పింగాణీ ఇన్సులేటర్ల లాంటివి చేసే కంపెనీ. జీతాలు సమయానికి వచ్చేవి కావు. తనతో చేరినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే ఇతను వంట గిన్నెలు ల్యాబుకే తెచ్చుకుని అక్కడే ఉండిపోయాడు. తర్వాత ఆ యు ముక్కకి వాడిన ఫార్‌స్టరైట్ అనే కొత్త పదార్థం పొడి ఆకారం నిలవక సతాయిస్తుంటే, ఒకరోజు కాలికి మైనం తగిలి చెప్పుకి అంటుకుంది. ఆ మైనాన్నే పొడితో పాటు వేడి చేసి, పులిహోర కలిపినట్టు కలిపి అచ్చులో పెడితే ఆకారం నిలిచింది. కాల్చేటప్పుడు మైనం కాలిపోతుంది, పొడి గట్టిపడుతుంది.

షోఫూ నుంచి బయటికొచ్చాక, 1959 ఏప్రిల్ 1న ఇతని క్యోటో సెరామిక్, అంటే ఇప్పటి క్యోసెరా, మొదలైంది. మొత్తం 28 మంది, 30 లక్షల యెన్‌ల పెట్టుబడి. ఇతన్ని నమ్మిన నిషియెదా అనే పెద్దాయన తన ఇంటిని తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు ఇప్పించాడు. అద్దె గోదాములో పని. 27 ఏళ్ల కుర్రాణ్ని చూసి సొంత ఇల్లు తాకట్టు పెట్టిన ఆ మనిషి గురించి నాకు ఇంకా ఎక్కువ చదవాలనిపించింది.

నన్ను కదిలించింది మాత్రం ఇంకొకటి. ఆ తొలి రోజుల్లోనే ప్రసార యంత్రాల్లో వాక్యూమ్ ట్యూబుల్ని చల్లబరిచే గొట్టం ఒకటి చేసిపెట్టమని ఆర్డరు వచ్చింది. పాములా చుట్టలు తిరిగిన పెద్ద గొట్టం, అదీ మామూలు మట్టితో. ఒకవైపు ముందు ఆరి మరోవైపు పచ్చిగా ఉంటే మట్టి బీటలు వేస్తుంది. మన ఊళ్లో కుమ్మరి కుండల్ని నీడన ఆరబెట్టేదీ అందుకే. ఏం చేసినా ఆ గొట్టం పగిలిపోతుంటే, ఇనమోరి కొలిమి పక్కన వెచ్చగా ఉన్నచోట దాన్ని పొదివి పట్టుకుని పడుకుని, రాత్రంతా మెల్లగా తిప్పుతూ ఆరబెట్టాడట. జ్వరమొచ్చిన పిల్లని ఒళ్లో వేసుకున్నట్టు!

1966లో ఐబీఎం నుంచి ఆర్డరు వచ్చింది. కంప్యూటర్ చిప్పుల కింద వేసే అల్యూమినా అనే సెరామిక్ పలకలు, రెండున్నర కోట్లు. సెరామిక్ కాలితే పొడవులో దాదాపు ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఆ తగ్గే లెక్క ముందే వేసుకుని అచ్చు చేయాలి. ఒక్కటైతే సరే, కోట్ల ముక్కలకి ఆ లెక్క తప్పకూడదు. మొదట పంపినవన్నీ తిరిగొచ్చాయి. మళ్లీ చేశారు. ఆ తర్వాత ప్రపంచం వీళ్లని గుర్తుపట్టింది.

మిగతావి చకచకా చూశాం. జిర్కోనియా అనే సెరామిక్‌తో చేసిన కత్తులు, కృత్రిమ కీళ్లు, సోలార్. 1982లో పేరు క్యోసెరా అయింది. మరుసటి ఏడాది యాషికా వీళ్లలో కలిసింది. మన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ల మెడలో వేలాడిన యాషికానే. 2000లో మితా అనే కాపియర్ కంపెనీ కూడా క్యోసెరా చేతికొచ్చింది. నాన్న మాటకి జవాబు కూడా ఇందులోనే దొరికింది. వీళ్ల డ్రమ్ము పైన పూసేది అమార్ఫస్ సిలికాన్ అనే పదార్థం. మామూలు డ్రమ్ముల మీద ఉండే పూత కంటే చాలా గట్టిది, తొందరగా అరగదు.

పక్కనే ఇనమోరి లైబ్రరీ. అక్కడ ఇంకో సంగతి చదివాను. కంపెనీకి రెండేళ్లు నిండినప్పుడు పదకొండు మంది కుర్రాళ్లు జీతాలకీ బోనస్‌కీ గ్యారంటీ కావాలని నిలదీశారు. ఇనమోరి వాళ్లని మూడు రోజులు కూర్చోబెట్టి మాట్లాడాడు. తన టెక్నాలజీని లోకానికి చూపించడానికి కంపెనీ పెట్టానన్న ఆలోచన అక్కడ మారింది. ముందు పనివాళ్ల బతుకు బాగుండాలి, వాళ్లతో కలిసి సమాజానికి మేలు చేయాలి అని రాసుకున్నాడు. 78 ఏళ్ల వయసులో జపాన్ ఎయిర్‌లైన్స్‌ని నిలబెట్టడానికి జీతం లేకుండా వెళ్లిన మనిషి ఇతనే. 2022లో, 90 ఏళ్లకి పోయాడు.

బయటికి రాగానే నాన్నకి వీడియో కాల్ చేశాను. షాపులోనే ఉన్నారు. డ్రమ్ము సంగతి చెబితే "నేను చెప్పలా?" అని మురిసిపోయారు. యు ముక్క ఎంతుందో వేలి కొన చూపించాను. గొట్టం సంగతి చెప్పాక మాత్రం కాసేపు మాట్లాడలేదు.

"తెల్లారేసరికి పగల్లేదు కదా?" అన్నారు చివరికి.

"పగల్లేదు నాన్నా" అన్నాను.