లీ కౌంటీ కథ, మా ఇంటి మందుల సంచి

మా అబ్బాయికి పదకొండో క్లాసు ఇంగ్లిష్‌లో బార్బరా కింగ్‌సాల్వర్ నవల ‘డీమన్ కాపర్‌హెడ్’ పెట్టారు. 2022లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ అందుకుంది. డ్రగ్స్ కథ అని తెలిసి వాడి వెనకాలే నేనూ చదివాను.

కథ జరిగేది మేముండే వర్జీనియాలోనే. మా యాష్‌బర్న్ ఒక కొస, లీ కౌంటీ ఇంకో కొస. ఇక్కడ డేటా సెంటర్లు, మన కిరాణా కొట్లు, శనివారం కూచిపూడి క్లాసులు. అక్కడ మూతపడ్డ బొగ్గు గనులు, పొగాకు పొలాలు. ఒళ్లు హూనం చేసుకుని బతికే ఆ మనుషుల మధ్యకి 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర వచ్చింది. అలవాటయ్యే ప్రమాదం తక్కువేనంటూ అమ్మారు. జనాన్ని అలా తప్పుదోవ పట్టించామని 2007లో ఆ మాత్ర తయారుచేసిన పర్డ్యూ కంపెనీ నేరం ఒప్పుకున్నది కూడా ఆ కొండల వైపే ఉన్న ఆబింగ్డన్ కోర్టులో.

కథ చెప్పే కుర్రాడు డీమన్ పుట్టేసరికే తండ్రి లేడు. తల్లి ఓవర్‌డోస్‌తో పోతుంది. ఇల్లిల్లూ మారి చివరికి ఫుట్‌బాల్ కోచ్ ఇంటికి చేరి, ఊరంతా చప్పట్లు కొట్టే ఆటగాడవుతాడు. మోకాలు దెబ్బతింటుంది. నేను ఆగిపోయింది ఇక్కడే. చెడు స్నేహాలు కావు, వీధి మూలన అమ్మేవాడూ కాదు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు, వాణ్ణి త్వరగా మళ్లీ ఆడించాలన్న పెద్దవాళ్ల ఆత్రం. వాడు ప్రేమించిన డోరీ ఇంట్లోనైతే జబ్బు తండ్రి మందులే ఉంటాయి. ఆ పిల్ల బతకదు.

మన పార్టీల్లో ఈ విషయం వస్తే ‘ఫ్రెండ్స్ ఎవరో చూసుకోవాలండీ’ అని ఒకరంటారు, తర్వాత మాట కాలేజీ అప్లికేషన్ల మీదికి పోతుంది. మనవాళ్లకి ఇలాంటివి రావన్న ధీమా.

“కోచ్ మంచివాడే కదరా” అన్నాను మావాడితో.

“అందరూ మంచివాళ్లేనమ్మా. అందరికీ వాడు ఆడాలి, అంతే.”

ఆ వారం నేను కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్ష ఊసెత్తలేదు.

అప్పటికి మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడతోపాటు మందుల సంచీ వచ్చింది. ఏ తెలుగింట్లో ఉండదు అది! డోలో, గ్యాస్ మాత్రలు, జండూ బామ్, మోకాళ్ల నొప్పికి ఇంకో స్ట్రిప్పు. అన్నీ హాల్ బాత్రూమ్ అరలో. మావాడు ఆ స్ట్రిప్పు వెనక చదివాడు. పారాసిటమాల్‌తో పాటు ట్రమడాల్. అదీ ఆక్సీకాంటిన్ లాగే ఓపియాయిడే, అంటే నల్లమందు తరహాలో అలవాటయ్యే నొప్పి మందు. అమెరికా 2014లో, ఇండియా 2018లో దాన్ని కట్టుదిట్టం చేసిన మందుల్లో చేర్చాయి.

“మా డాక్టరుగారు రాసిచ్చిందే కదరా, దొంగతనంగా తెచ్చానా?” అన్నారు అత్తగారు.

“డీమన్‌కీ డాక్టరే రాశాడు నాన్నమ్మా.”

డీమన్ ఎవడని ఆవిడ అడిగితే, తనకొచ్చిన తెలుగులో కథంతా చెప్పాడు. ఫోస్టర్ కేర్ అంటే, చూసేవాళ్లు లేని పిల్లల్ని ప్రభుత్వం వేరేవాళ్ల ఇళ్లలో ఉంచడమని చెప్పడానికే చాలాసేపు పట్టింది. “మేనమామలు, పిన్నులు ఎవరూ లేరా ఆ పిల్లాడికి?” అని ఆవిడ మాటిమాటికీ అడిగారు.

తర్వాత వాడు ఫార్మసీ నుంచి నలోక్సోన్ స్ప్రే తెచ్చి బ్యాగులో పెట్టుకున్నాడు. ఓవర్‌డోస్ అయినవాళ్ల ముక్కులో కొట్టేది. 2023 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు. నాకు గుండె దడ. నీకెందుకురా అన్నాను. నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ అనే చాలా ఘాటైన ఓపియాయిడ్ కలుపుతున్నారనీ, పార్టీలో ఎవరైనా పడిపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఏదో ఒకటి చెయ్యాలి కదా అనీ వాడి జవాబు. కాదనడానికి నాకేమీ దొరకలేదు.

నొప్పి మాత్రలకి తాళం పెట్టె కొన్నాం. అర్ధరాత్రి మోకాలు నొప్పికి కోడల్ని లేపి తాళం అడగాలా అని అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు పడుకునే ముందు ఒక్క మాత్ర తీసి ఆవిడ చేతికే ఇస్తున్నాను.