'రు' దగ్గర ఇరుక్కున్నాను

నేను పనిచేసేది జపాన్‌లో, చిబా ప్రిఫెక్చర్‌లోని ఒక చిన్న ఊళ్లో, వృద్ధుల డే సర్వీసులో. పొద్దున వ్యాను వెళ్లి పెద్దవాళ్లను ఇళ్ల నుంచి తీసుకొస్తుంది. స్నానం, భోజనం, కాస్త వ్యాయామం, రెండింటికి 'రెకు', మూడింటికి టీ, నాలుగు దాటాక మళ్లీ వ్యాను. రెకు అంటే రిక్రియేషన్; పొడుగు మాటలను తుంచుకోవడం ఇక్కడి అలవాటు. ఖమ్మంలో నర్సింగ్ చదివిన నేను ఇక్కడికి రావడానికి మూడు పరీక్షలు రాశాను. సంరక్షణ నైపుణ్యం మీద ఒకటి, ఆ పనికి కావలసిన జపనీస్ మీద ఒకటి, మామూలు జపనీస్ మీద ఇంకొకటి. మూడింటిలోనూ పాటల గురించి ఒక్క ప్రశ్న లేదు.

వచ్చిన ఎనిమిదో నెలలో మా సీనియర్ అక్క పిలిచి, "వచ్చే నెల నుంచి గురువారం రెకు నువ్వే చూసుకోవాలి" అంది. ముందు కరావోకే, తర్వాత పాటల పేర్లతో షిరితోరి. అది 2024 వసంతం.

షిరితోరి మన అంత్యాక్షరికి చుట్టమే. 'షిరి' అంటే చివర, 'తోరి' అంటే పట్టుకోవడం. ఒకరు చెప్పిన మాట ఏ అక్షరంతో ముగిస్తే తర్వాతివాళ్లు ఆ అక్షరంతో మొదలయ్యే మాట చెప్పాలి. ఓడిపోవడానికి అన్నిటికన్నా తేలికైన దారి: 'న్'తో ముగిసే మాట చెప్పడం. జపనీస్ మాటలు ఏ అచ్చుతోనో ముగుస్తాయి, లేదంటే ఈ 'న్'తో. ఈ 'న్'తో మొదలయ్యే మాట మాత్రం లేదు. అంటే దానితో ముగిసే మాట చెప్పగానే ఆట చచ్చిపోతుంది, చంపినవాళ్లు ఓడిపోతారు. చిన్నప్పుడు తెలుగు మాస్టారు మన భాష అజంత భాష అని చెప్పినప్పుడు అది ఎందుకు గొప్పో నాకు అర్థం కాలేదు. నకారప్పొల్లు పేరు కూడా ఆ బడి వదిలాక ఎప్పుడూ తలచుకోలేదు. చిబాలో, తెల్లబోర్డు ముందు, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి.

మొదటి గురువారం 'పాత పాటలు' అని నాలుగు ఎంచుకుని వెళ్లాను. నా లెక్కలో నేను పుట్టకముందువన్నీ పాతవే. స్పిట్జ్ బృందం పాడిన 'చెరీ' పెట్టాను, అది 1996 పాట. తెర మీద అక్షరాలు రంగు మారుతూ వెళ్లిపోతున్నాయి, మైకు పట్టుకుని నేనొక్కదాన్నే పాడుతున్నాను. ఎవరూ విసుక్కోలేదు. పాట అయ్యాక అందరూ చక్కగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు బడి వార్షికోత్సవంలో ఎవరి పిల్లో మరిచిపోయి నిలబడితే కొట్టేలాంటివి.

సాయంత్రం అక్క ఒక కాగితం తీసి లెక్క వేసి చూపించింది. మా దగ్గర అందరికన్నా పెద్దావిడకు 94 ఏళ్లు, అందరికన్నా చిన్నావిడకు 72. ఇద్దరి మధ్యా ఇరవై రెండేళ్లు. మన ఇళ్లలో అయితే అత్తా కోడళ్ల వయసు తేడా. మనిషి మనసులో దిగబడిపోయే పాట పదిహేను నుంచి ఇరవై ఏళ్ల మధ్య విన్నదేనని అక్క నమ్మకం. 94 ఏళ్లావిడకు పదహారేళ్లప్పుడు, 1946లో, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 'రింగో నో ఉత' రికార్డు వచ్చింది, అంటే ఆపిల్ పాట. మరో మూడేళ్లకు 'అవోయ్ సన్‌మ్యకు'. 72 ఏళ్లావిడ పంతొమ్మిదేళ్లకు విన్నది కొయనగి రుమికో 1971లో పాడిన 'వతషి నో జోకమచి'. ఆవిడకు ఆపిల్ పాట వాళ్ల అమ్మ పాడుకునే పాట. నేను ఈ ఇద్దరినీ కలిపి 'ముసలివాళ్ల పాటలు' అన్న ఒకే డబ్బాలో పడేశాను. ఎవరైనా నా ముందు ఘంటసాలనీ ఇప్పటి రీల్స్ పాటలనీ ఒకటే అంటే ఊరుకుంటానా?

ఆ రాత్రి నోటుబుక్కులో ప్రతి ఒక్కరి పుట్టిన సంవత్సరం రాసి, దానికి పదిహేను ఒకసారి, ఇరవై ఒకసారి కలిపి, పక్కన పాటలు రాసుకున్నాను. 1961లో సకమోతో క్యూ పాడిన 'ఉఎ వొ ముయితే అరుకో' ఆ ఇద్దరి వరసల్లోనూ పడలేదు, వాళ్ల మధ్య వయసువాళ్ల వరసల్లో పడింది. 1963లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది కూడా ఇదే. దానికి అక్కడ పెట్టిన పేరు 'సుకియాకి', ఒక మాంసం వంటకం పేరు. పాటకీ ఆ వంటకీ ఏ సంబంధమూ లేదు. పేర్లు పలకలేక చేసే ఇలాంటి పనులు నాకు కొత్త కాదు, ఇక్కడ నా ఇంటిపేరు కూడా సగమే మిగిలింది.

పాడటం వేరే గొడవ. వయసు పెరిగేకొద్దీ ఆడవాళ్ల గొంతు కూడా దిగుతుందని నాకు తెలియదు. యంత్రంలో శ్రుతి రెండు మూడు మెట్లు దించే బటన్ ఉంది. అది నొక్కిన రోజు నుంచి గదిలో గొంతులు లేచాయి. ఇంకోటి, 'న్'. మనం సున్న చుట్టేసి ముందు అక్షరంలో కలిపేస్తాం, 'రింగో' మనకు రెండే అక్షరాలు. వాళ్లకు 'రి', 'న్', 'గో' మూడు, పాటలో ఆ 'న్'కు సాధారణంగా తనకంటూ ఒక స్వరం ఉంటుంది. దాన్ని మింగేసి నేను ప్రతి వరుసలోనూ వాళ్లకన్నా ఒక అడుగు ముందే ఉండేదాన్ని.

ఎన్‌కా అనే పాత తరహా జపనీస్ పాటల్లో గొంతు తిప్పే పద్ధతిని 'కొబుషి' అంటారు. వినగానే, ఇది గమకమే కదా అని ధైర్యం వచ్చేసింది. చిన్నప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు దాటి గీతాల దాకా నేర్చుకున్నాను మరి. ఇషికవ సయురి 1977లో పాడిన 'త్సుగరు కైక్యో ఫుయుగెషికి' ఎత్తుకుని ప్రతి స్వరాన్నీ ఊపేశాను. 72 ఏళ్లావిడ నెమ్మదిగా, "ఉప్పు అన్నిటిలోనూ వేయకూడదమ్మా" అంది. మాట చివర ఒక్క చోట తిప్పి చూపించింది. అంతే, మిగతాదంతా నిటారుగా నిలబెట్టింది.

ఆ పాటలో ఒక ఆడమనిషి టోక్యోలోని ఉఎనో నుంచి రాత్రి రైల్లో వచ్చి ఉత్తరాన అవొమొరిలో దిగి, సముద్రం అవతలి హొక్కైదో దీవికి పడవ ఎక్కుతుంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, 86 ఏళ్లు. మన దగ్గరైతే తాతగారూ అనేదాన్ని, ఇక్కడ అలా పిలవకూడదు, ఇంటిపేరుకు 'సాన్' చేర్చి పిలవాలి. ఆ పడవ కూడా రైల్వే వాళ్లదేననీ, 1988 మార్చిలో సముద్రం కింద సొరంగం తెరిచిన రోజునే ఆపేశారనీ ఆయనే చెప్పారు. నేను మనసులో తాతగారనే అనుకుంటాను.

షిరితోరిలో నన్ను ఓడించింది కూడా ఆయనే. పాటల పేర్లతో ఆట కాబట్టి నేర్చుకున్న గర్వంతో 'త్సుగరు కైక్యో ఫుయుగెషికి' అని బోర్డు మీద రాశాను. చివర 'కి'. ఆయన ఆలోచించనైనా లేదు. "కితగుని నో హరు." సెన్ మసవో పాట, అదీ 1977దే. ఉత్తరాన సొంత ఊరు వదిలి పట్నంలో బతికేవాడికి అమ్మ నుంచి చిన్న పొట్లం వస్తుంది ఆ పాటలో. అంతకు పది రోజుల ముందే మా అమ్మ పంపిన కందిపొడి వచ్చింది నాకు. ఆ పాట అంటే ప్రాణం. ఆ ప్రాణాన్నే ఆయన నా మీదకు విసిరారు, ఎందుకంటే దాని చివర 'రు'. అంత్యాక్షరిలో మనకు 'ణ', 'ళ' ఎలాగో, షిరితోరిలో 'రు' అలాగ. దానితో మొదలయ్యే మాటలు చాలా తక్కువ, తెలిసినవాళ్లు పట్టుబట్టి అక్కడికే తోస్తారు.

నాకు ఒకటి తెలుసు! యుమింగ్ అని పిలుచుకునే గాయని 1975లో పాడిన పాట, యానిమేషన్ సినిమాలో విన్నాను. గట్టిగా "రూజు నో దెన్‌గోన్!" అన్నాను.

గదంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత 94 ఏళ్లావిడ, మామూలుగా టీ తప్ప ఏమీ అడగని మనిషి, వేలు ఎత్తి "న్" అంది.

తర్వాత రెండు వారాలు బస్సులో 'రు' పాటలు వెతికాను. యొనెజు కెన్షి 'లెమన్' లాంటి కొత్త పాటలన్నీ పక్కన పెట్టాను, దాని చివరా 'న్' కూర్చుని ఉంది మరి. దొరికింది తెరవొ అకిర 1981లో పాడిన 'రుబీ నో యుబివ', కెంపు ఉంగరం.

ఆయన మళ్లీ 'కితగుని నో హరు' దగ్గరికే తోశారు. నేను బోర్డు మీద తాపీగా రాశాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "వ" అని గొణిగారు. 72 ఏళ్లావిడ ఆగలేక తన పంతొమ్మిదేళ్ల పాట అందించింది: 'వతషి నో జోకమచి'. చివర 'చి'. నా వంతు.

"చెరీ" అన్నాను. జపనీస్‌లో 'చె'ను 'చి' పక్కన చిన్న 'ఎ' పెట్టి రాస్తారు, కాబట్టి చెల్లుతుంది. మొదటి గురువారం ఎవరూ పాడని పాట.

అక్కడ గొడవ మొదలైంది. చివర దీర్ఘం ఉంది కదా, తర్వాతి మాట 'రి'తో రావాలా, దీర్ఘాన్ని విడదీసి 'ఇ'తోనా? ఒక్కో ఇంట్లో ఒక్కో నియమం. తాతగారు రి అన్నారు, ఆవిడ ఇ అంది, ఇద్దరూ టీ మరిచిపోయారు. చివరికి చేతులెత్తి ఓటు వేశారు, 'ఇ' గెలిచింది. ఆవిడ వెంటనే యమగుచి మొమొఎ పాట చెప్పింది: "ఈ హి తబిదచి."

మళ్లీ 'చి'. అందరూ నా వైపు చూస్తున్నారు. బయట వ్యాను వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినిపించింది.