చీలమండకి ప్లేటు వేశాక

నాకు చీలమండ రెండు వైపులా విరిగింది. బస్సు దిగుతుంటే పాదం రోడ్డు అంచు మీద సగమే పడి మెలి తిరిగింది. బయటి వైపు ఫిబులా అనే సన్న ఎముక, లోపలి వైపు టిబియా అనే లావు ఎముక చివర, రెండూ విరిగాయని ఎక్స్‌రేలో తేలింది.

మా పిన్ని కొడుకు వెంటనే "పుత్తూరు వెళ్దాం అక్కా, కట్టు కట్టిస్తే నెలలో లేచి తిరుగుతావు" అన్నాడు. పుత్తూరు కట్టు అంటే మా వాళ్ళకి చాలా గురి. నాకూ కాస్త ఆశ పుట్టింది, ఆపరేషన్ అంటే ఎవరికి భయం ఉండదు? కానీ ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే లైటుకి పెట్టి చూపించారు. రెండు ఎముకల మధ్య ఇరుక్కుని ఉండాల్సిన తాలస్ ఎముక పక్కకి జరిగిపోయి ఉంది. అది ఒక్క మిల్లీమీటరు జరిగినా కీలులో ఎముకలు ఆనుకునే చోటు 42 శాతం తగ్గుతుందని 1976లోనే ప్రయోగం చేసి చూపారట. ఆ కాస్త చోటు మీదే ఒళ్ళంతా మోస్తే కీలు త్వరగా అరిగిపోతుంది. "కాలి మధ్యలో విరిగి ఉంటే వేరే మాటమ్మా, ఇది కీలు" అన్నారు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

ఆపరేషన్ అదే రోజు జరగలేదు. వాపు తగ్గి, చర్మం మీద సన్నటి ముడతలు కనబడితేగాని కోయరట. ఉబ్బిన చర్మాన్ని కోస్తే కుట్లు పట్టవు, గాయం నోరు తెరుస్తుంది. పైగా నాకు షుగర్ ఉంది. ఆ రోజులన్నీ కాలికి సిమెంటు స్లాబు వేసి, దిండ్ల మీద ఎత్తి పెట్టి, షుగర్‌ని అదుపులోకి తెచ్చారు. రోజూ పొద్దున డాక్టరు గారు వచ్చి చర్మాన్ని వేళ్ళతో నొక్కి చూసి "ఇంకా కాదు" అని వెళ్ళిపోయేవారు.

వెన్నులో మత్తిచ్చారు, మోకాలి వెనక నరం దగ్గర ఇంకో మత్తు ఇంజెక్షన్ చేశారు. బయట ప్లేటు, లోపల స్క్రూలు. ఆ సాయంత్రం కాలు నాది కానట్టే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పాను, ఇంతేనా ఆపరేషన్ అంటే అనుకున్నాను. నైట్ డ్యూటీ సిస్టరు మాత్రం "మేడం, ఇప్పుడు నొప్పి లేకపోయినా బిళ్ళ వేసుకోండి, మత్తు దిగాక తట్టుకోలేరు" అని పట్టుబట్టి వేయించింది. ఆ అమ్మాయి మాట అక్షరాలా నిజం. తెల్లవారుజామున మత్తు దిగింది. కాలిని పట్టకారులో పెట్టి బిగిస్తున్నట్టు నొప్పి, ఉన్నట్టుండి, ఒక్కసారిగా. బిళ్ళ ముందే కడుపులో ఉంది కాబట్టి గంటలో కాస్త లొంగింది. లేకపోతే ఏమయ్యేదాన్నో.

మనలో నొప్పి ఓర్చుకోవడం పెద్ద గుణం. "మరీ భరించలేకపోతే వేసుకో, మందులు ఎక్కువైతే మంచిది కాదు" అని ఇంటికి వచ్చాక ప్రతివాళ్ళూ చెప్పారు. మొదటి వారం వరకు ఈ సలహా శుద్ధ తప్పని నా అనుభవం. నొప్పి ముదిరాక వేసిన మాత్ర సగమే పనిచేస్తుంది. నాకు రాసిచ్చిన పారాసెటమాల్‌ని గడియారం చూసుకుని వేసుకున్నాను. పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుంది కనుక అవి కలపకూడదు. ట్రమడాల్ అనే ఇంకా గట్టి నొప్పి మాత్రని రాత్రిళ్ళకే ఉంచుకున్నాను. వేసుకుంటే కళ్ళు తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండటం, పైగా మలబద్ధకం. ఒంటి కాలి మీద వాకర్‌తో బాత్రూంకి వెళ్ళేవాళ్ళకి మలబద్ధకం చిన్న బాధ కాదు. షుగర్ వల్ల కిడ్నీల మీద భారం పడకూడదని డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు వద్దన్నారు.

అన్ని నొప్పులకీ బిళ్ళ పనిచేయదని కూడా ఇంట్లోనే తెలిసింది. మంచం మీంచి కాలు కిందకి దించగానే రక్తమంతా పాదంలోకి దూకినట్టు జివ్వున లాగేది, కాలు ఊదారంగుకి తిరిగేది. కుట్లు చీలిపోతున్నాయేమో అని హడలిపోయాను. దానికి మందు లేదు. పాదం గుండె కంటే ఎత్తులో ఉండేట్టు పడుకోవడం, వేళ్ళు ఆడిస్తూ ఉండటం, కాలు దించి ఉంచే సమయాన్ని రోజురోజుకీ కొద్దికొద్దిగా పెంచడం, అంతే. ఒక్క దిండు చాలదు, పక్కింటివాళ్ళ దిండ్లు కూడా తెచ్చాం. ఎంత ఎత్తి పెట్టినా తగ్గకుండా నొప్పి పెరుగుతూ ఉంటే, వేళ్ళు కదిపితే ప్రాణం పోతున్నట్టుంటే, లేక పిక్క గట్టిపడి వాచితే ఆగకుండా రమ్మని డిశ్చార్జి రోజే చెప్పారు. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా పొట్టలో ఇంజెక్షన్లు రాశారు, మా ఆయన నేర్చుకుని చేసేవారు. ఆయన చేతులు నాకంటే ఎక్కువ వణికేవి.

తిండి దగ్గర పెద్ద గొడవే జరిగింది. మా అత్తగారు పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడని, వంకాయ అసలే వద్దని పథ్యం మొదలుపెట్టారు. డాక్టరు గారేమో గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, రోజూ పప్పు, గుడ్డు, పెరుగు తినాల్సిందే అన్నారు. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేక, ఆ మాట డాక్టరు గారి చేతే ఫోనులో చెప్పించాం. "సరే, పెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్పారుగా" అని ఆవిడే వండి పెట్టారు. నల్లేరు పచ్చడి మాత్రం మానలేదు. ఎముక అతకడానికి మంచిదని ఆవిడ నమ్మకం. రుచిగా ఉంది, తిన్నాను.

కుట్లు విప్పాక అసలు నొప్పి తగ్గింది కానీ కొత్తది మొదలైంది. పాదం పైభాగాన కొంత మేర మొద్దుబారి, దుప్పటి తగిలితే చాలు కరెంటు షాకు కొట్టినట్టు ఉండేది. కోత దగ్గర ఉండే సన్నటి నరం చేసే పని అది. దానికి వేరే మందు ఇచ్చారు. మందు కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పిన చిట్కా: ముందు దూదితో, తర్వాత నూలు బట్టతో, ఆపైన గరుకు తువాలుతో రోజూ అక్కడ రుద్దడం. నరానికి స్పర్శ అలవాటవుతుందట.

ఆరు వారాలకి ఎక్స్‌రే తీసి, కాలు మోపొచ్చు అన్నారు. సంబరపడ్డాను గానీ కాలు మోపితే అది కర్రలా ఉంది. పాదం పైకి వంగదు. పిక్క కండ కరిగిపోయి రెండో కాలితో సగం ఉంది. తువాలుని పాదానికి వేసి లాగడం, కాలి వేళ్ళతో గోలీలు ఏరడం, గోడ పట్టుకుని మడమలు లేపడం చేయించేవాడు ఆ అబ్బాయి. నేను అరిస్తే "మేడం, పది నిమిషాల్లో తగ్గే నొప్పి మంచి నొప్పి. మర్నాటికి కూడా ఉండి, వాపు పెరిగితే చెప్పండి, తగ్గిద్దాం" అనేవాడు. ఆ కొలత పెట్టుకున్నాక భయం పోయింది. మెట్లు ఎక్కడానికి ముందు బాగున్న కాలు, దిగడానికి ముందు దెబ్బ తగిలిన కాలు అని నేర్పాడు. ఎక్కడం తొందరగానే వచ్చింది. దిగడానికి పాదం బాగా వంగాలి, అది ఆలస్యమైంది.

ఇప్పుడు బడికి వెళ్తున్నాను, నిలబడి పాఠం చెప్తున్నాను. సాయంత్రానికి చీలమండ వాస్తుంది, ఏడాది దాకా ఇలా ఉండొచ్చన్నారు. మిగిలిన ఇబ్బంది ఒక్కటే. బాసింపట్టు వేసుకుని కింద కూర్చుంటే బయటి వైపు ప్లేటు నేలకి ఒత్తుకుంటుంది. అక్కడ చర్మం కింద కండే లేదు కదా. ఇబ్బంది పెడితే ఎముక పూర్తిగా గట్టిపడ్డాక తీసేయొచ్చు, లేకపోతే అలాగే ఉంచేయొచ్చు అంటున్నారు డాక్టరు గారు. మళ్ళీ మత్తు, మళ్ళీ కోత అంటే మనసొప్పడం లేదు. వచ్చే ఏడు అమ్మాయి పెళ్ళి చేద్దామనుకుంటున్నాం, పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి. మా ఆయన పీట మీద మెత్తటి పరుపు కుట్టిస్తానంటున్నారు.