అలంపూర్ శిఖరం, 10 ఎంఎం లెన్సు, ఇంకా వంకరే

కేనన్ 10-18 ఎంఎం వైడ్ లెన్సు తోటి అలంపూర్ నవబ్రహ్మ గుళ్లల్ల బయటి ఫొటోలు దాదాపు అన్నీ మంచిగొచ్చినయ్, స్వర్గ బ్రహ్మ గుడి తప్ప. అది మాత్రం సతాయిస్తనే ఉన్నది.

గుడి ముందు నిలబడి ఫోన్ల యాప్‌తో కొలిస్తే ఆమలకం (శిఖరం కొన మీది ఉసిరికాయ లెక్క ఉండే గుండ్రటి రాయి) 55 డిగ్రీల పైకుంది, కెమెరా నిలువుగ పట్టి లెవల్ల ఉంచితే 10 ఎంఎం కు పైన 48 డిగ్రీల దాకనే పడ్తది, అంటే కొన తెగిపోతది, వెనక్కి జరుగుదామంటే వెనకాల ఇంకో గుడి గోడ. సరే అని కెమెరా 20 డిగ్రీలు పైకెత్తి తీసిన, అట్ల ఎత్తితే గోడలు పైకి పోయినకొద్ది లోపలికి వంగినట్టు పడ్తయ్, ఇంటికొచ్చి ఎడిటింగ్‌ల ఆ వంపును సరిచేసే ఆటో బటన్ నొక్కితే గోడలు కింది నుంచి బయటికి విచ్చుకున్నయ్! నా అంచనా ఏందంటే, ఇది రేఖానాగర శిఖరం (ఉత్తరాది పద్ధతి), బాదామి చాళుక్యులు కట్టిందే లోపలికి వంపు తిరిగేటట్టు, సాఫ్ట్‌వేర్ ఆ వంపును గూడ కెమెరా ఎత్తినందుకు వచ్చిన వంపే అనుకొని సాపు చేస్తున్నది.

శిఖరాన్ని వదిలేసి కింద గోడ మూలలకే గీతలు పెట్టి చేత్తో సరిచేస్తే గోడలైతే నిటారుగ నిలబడ్డయ్, కానీ లెక్కేసి చూస్తే పైన అడ్డంగ 1.4 రెట్లు, నిలువుగ రెండు రెట్లు సాగుతది, ఆమలకం కోడిగుడ్డు లెక్క అయ్యింది, చెక్కడం అంతా మసక. లెన్సు రంధ్రం చిన్నగ చేసి ఎఫ్11 పెట్టినా అంతే. సవరణ మూడింట రెండు వంతులకే ఆపితే కండ్లకు కొంచెం నయం, కొద్దిగ వంగి ఉంటేనే ఎత్తు తెలుస్తది గూడ, పూర్తి నిటారు చేసుడు నాకు నచ్చది.

మూలకు పోయి ఏటవాలుగ చూస్తే కోణం 42 కు దిగింది, లెవల్ల పెట్టినా కొన పట్టింది. కింద సగం ఉత్త నేలే, కోసేస్తే 24 మెగాపిక్సెళ్లల్ల సగం గూడ మిగల్లే, అయినా ఇదే అన్నిటికంటె శుభ్రంగ ఉన్నది. 17 ఎంఎం టిల్ట్-షిఫ్ట్ (కెమెరా ఎత్తకుండనే లెన్సును పైకి జరిపేది) ఉంటే ఈ గోస తగ్గుతుండె, దాని రేటు చూసినంక ఆ ముచ్చట బంద్. ట్రైపాడ్ కు పర్మిషన్ పెట్టాలె, అది గూడ చూడాలె.

కూడవెల్లి సంగమేశ్వరం, అదే శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లకు మునుగుతదని తెచ్చి ఇక్కడ కట్టిన గుడి, ఒక్క దెబ్బకే వచ్చింది. ఇగ తర్వాత జడ్చర్ల దగ్గరి గొల్లత్తగుడి, ఇటుకల గోపురం, వెనక్కి జరగనీకె జాగ ఉంటది కాబట్టి ముందు 18 తోటి దూరం నుంచి లెవల్ల తీసి, తర్వాత దగ్గరకు పోయి 10 పెట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూస్త.